గుడారంలో ఒక రాత్రి: స్థలం ఎంపికలోనే సగం భద్రత

హైదరాబాద్ నగరానికి గుడారాలు కొత్త కావు. 1687లో గోల్కొండ ముట్టడి సమయంలో మొఘల్ సైన్యం విడిది చేసిన మైదానమే విజయానంతరం ఫతే మైదాన్‌గా పేరుగాంచింది. నేడు అక్కడ లాల్ బహదూర్ స్టేడియం ఉన్నది. నాటి గుడారాలు యుద్ధం కోసం వెలిసినవి కాగా, నేటి గుడారాలు విశ్రాంతి కోసం వెలుస్తున్నవి. వారాంతపు సెలవులలో నగరవాసులు అనంతగిరి కొండలకు, కోట్‌పల్లి జలాశయ పరిసరాలకు, భువనగిరి వంటి గుట్టల చెంతకు తరలివెళ్తున్నారు. బయలుదేరే ముందు గుడారం పరిమాణం, వంట సామగ్రి గురించి చూపే శ్రద్ధలో కొంతైనా గుడారం వేయబోయే చోటుపై చూపినట్లయితే అనేక ప్రమాదాలను నివారించవచ్చును.

అనుమతి తప్పనిసరి

నగరంలోను, శివార్లలోను మూడు జాతీయోద్యానాలు ఉన్నవి. అవి జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానం, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు వద్ద గల మృగవని. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం జాతీయోద్యానాలలో అనుమతి లేకుండా ప్రవేశించుట, నిప్పు పెట్టుట నేరము. రిజర్వు అడవులలో అనుమతి లేని ప్రవేశం, నిప్పు రాజేయుట అటవీ చట్టం, 1967 ప్రకారం శిక్షార్హము. అందువలన అడవి ప్రాంతంలో బస చేయదలచినవారు ముందుగా స్థానిక అటవీ అధికారుల అనుమతి పొందవలెను. ప్రైవేటు స్థలమైనచో యజమాని సమ్మతి తీసుకొని, సమీప గ్రామస్థులకు తెలియజేయుట మంచిది. ఆపద వేళ మొదట ఆదుకొనేది వారే.

నీటి ఒడ్డున పొంచి ఉన్న ముప్పు

నీటి అంచున గుడారం వేయాలనే కోరిక సహజమే కాని, అది ప్రమాదకరము. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నదిలోకి ఎగువ డ్యామ్ నుండి నీరు విడుదల కావడంతో, విహారయాత్రకు వెళ్ళిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అంతవరకు రాళ్ళు తేలి ఉన్న నది నిమిషాల్లో ఉప్పొంగింది.

ఇటువంటి పరిస్థితి మన చెంత కూడా ఏర్పడగలదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసింది. ఆ తరువాతనే వరద నివారణ కోసం మూసీపై ఉస్మాన్ సాగర్, ఈసీపై హిమాయత్ సాగర్ నిర్మించబడినవి. నేటికీ జలాశయాలు నిండినపుడు గేట్లు ఎత్తి నీటిని దిగువకు వదులుతారు. మూసీ జన్మస్థానం అనంతగిరి కొండలలో ఉన్నది. కొండలపై కురిసిన వాన, దిగువన ఆకాశం నిర్మలంగా ఉన్నపుడు సైతం వాగును పొంగించగలదు.

కావున ఎండిన వాగులో, జలాశయానికి దిగువన గల నదీగర్భంలో గుడారం వేయరాదు. ఒడ్డున పొదలకు, చెట్ల మొదళ్ళకు చిక్కుకున్న గడ్డి, చెత్త పూర్వపు వరద ఎంత ఎత్తుకు వచ్చిందో సూచిస్తాయి. ఆ గుర్తుకు బాగా పైన, వాలు తక్కువగా ఉన్న గట్టి నేలను ఎంచుకొనవలెను.

బండరాళ్ళు, పిడుగులు, తేనెటీగలు

నగర పరిసరాలలోని గుట్టలు గట్టి గ్రానైటు రాతితో ఏర్పడినవి. రాతిలో మేకులు దిగవు. అటువంటి చోట తాళ్ళను బరువైన రాళ్ళకు బిగించి కట్టవలెను. లేనిచో ఈదురుగాలికి గుడారం ఎగిరిపోవును. గుట్ట శిఖరం, ఒంటరి చెట్టు క్రింది స్థలం పిడుగుపాటుకు అనువైనవి. గుడారం పిడుగు నుండి రక్షణ ఇవ్వదు. ఉరుము వినిపించిన వెంటనే పక్కా భవనంలోకి లేదా అద్దాలు మూసిన కారులోకి చేరవలెను. పిడుగుల ముందస్తు సమాచారం కోసం ‘దామిని’ మొబైల్ యాప్‌ను వినియోగించుకొనవచ్చును.

రాతి చరియలకు వ్రేలాడే పెద్ద తేనెపట్టుల సమీపంలో పొగ పెట్టుట, రాళ్ళు విసరుట ప్రాణాపాయం కలిగించగలదు.

పాములు, పొగ

కట్లపాము రాత్రివేళ సంచరిస్తుంది. నేలపై నిద్రిస్తున్నవారిని ఇది కాటు వేసినపుడు నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవుట వంటి లక్షణాలు కనిపించేసరికి విలువైన సమయం గడిచిపోతుంది. కావున అడుగుభాగం కలిసి కుట్టి ఉన్న గుడారాన్నే వాడి, జిప్పు పూర్తిగా మూయవలెను. బూట్లను దులిపిన తరువాతనే తొడుగుకొనవలెను. కాటు అనుమానం కలిగినచో గాయాన్ని కోయుట, గట్టిగా కట్టు కట్టుట చేయక, బాధితుని కదలనీయకుండా ఉంచి 108 అంబులెన్సుకు ఫోను చేయవలెను. విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలోనే లభ్యమగును. ఇతర అత్యవసర సహాయానికి 112 నంబరు ఉన్నది.

చలికాలంలో బొగ్గుల కుంపటిని, స్టౌను గుడారంలోపల ఉంచరాదు. వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. నిద్రలోనే ప్రాణం తీయగలదు.

ఎప్పుడు, ఎలా

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలంగా ఉంటుంది. మార్చి నుండి మే వరకు రాలిన ఆకులు ఎండి ఉండుటచే చిన్న నిప్పురవ్వ కూడా అడవిని దహించగలదు. జూన్ నుండి అక్టోబరు వరకు వాన, పిడుగుల ముప్పు అధికము. గుడారం చుట్టూ కందకం త్రవ్వుట వలన నేల కోతకు గురవుతుంది గనుక, నీరు నిలువని చోటునే మొదట ఎంచుకొనుట మేలు.

తెచ్చిన ప్లాస్టిక్, మిగిలిన ఆహారం తిరిగి వెంట తీసుకొని వెళ్ళవలెను. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాలు నగరవాసుల తాగునీరని మరువరాదు. వెలుతురు ఉండగానే స్థలానికి చేరుకొని, పరిసరాలను ఒకసారి నడిచి పరిశీలించి, ఇంటివారికి చోటు, తిరిగివచ్చే సమయం తెలిపి, ఈ విహారాన్ని సురక్షితంగా ఆనందించవలసిందిగా నగర ప్రజలకు విజ్ఞప్తి.