క్లెయిమ్ అంటే దరఖాస్తు కాదు తమ్మీ

చర్ల, దుమ్ముగూడెం దిక్కు ఏ గూడేనికి పోయినా ఒక ఇంగ్లీషు మాట వినపడతది: క్లెయిమ్. బడి మొహం చూడని అవ్వ కూడా పోడు పట్టా గురించి అడిగేటప్పుడు ఆ మాటే అంటది. ఆఫీసుల్లో మాత్రం చాలాసార్లు దాన్ని దరఖాస్తు అని తెలుగు చేస్తరు. తేడా కొట్టేది అక్కడే.

దరఖాస్తు అంటే మాకు ఇయ్యండని అడుగుడు. క్లెయిమ్ చేసుడంటే "ఇది నాది, గుర్తించండి" అని చెప్పుడు. లాటిన్‌లో దీని మూలానికి కేకేసుడని అర్థం. 2006 అటవీ హక్కుల చట్టం నడిచేది కూడా ఈ అర్థం మీదనే. సర్కారు దయతో భూమి పంచుతదని అందులో లేదు, హక్కును గుర్తిస్తదని ఉంది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవి భూమిని సాగు చేస్తున్న ఆదివాసీకి, సాగులో ఉన్నంత మేరకు, 4 హెక్టార్ల దాకా. గిరిజనేతరులైతే 75 ఏండ్ల నివాసం చూపాలె.

ఇదే మాటకు ఇంకో మొహం ఉంది. ఇంగ్లీషు పేపర్లో "పోలీస్ క్లెయిమ్" అని రాస్తే, పోలీసులు అట్ల అంటున్నరు, నిజమని మేం పూచీ పడం అని. గోదారి వరద ప్రాణాలు తీసినా క్లెయిమ్ చేసిందనే రాస్తరు, అది వేరే కథ.

తిరకాసేందంటే, మొదటి రెండు అర్థాలూ ఒకే ఫైల్లో పడొచ్చు. సర్వే రిపోర్టులో మీ నాయిన గురించి "క్లెయిమ్స్ టు బి కల్టివేటింగ్" అని ఉంటే, సాగు చేస్తున్ననని ఆయన అంటున్నడు, అంతే. "ఈజ్ కల్టివేటింగ్" అని ఉంటే సాగు చేస్తున్నడని రాసినాయనే ఒప్పుకున్నట్టు. సంతకానికి ముందు ఇంకేం చదవకున్నా ఈ ముక్క చదవాలె.

సాక్ష్యమంటే శాటిలైట్ ఫొటో ఒక్కటే అనుకోవద్దు. పాత బావి, సమాధులు, వేసిన గట్లు, ఊరి పెద్దలు చెప్పగా రాసుకున్న మాట, ఇవన్నీ రూల్స్‌లో ఉన్నయి. ఒకటికి మించి పెట్టాలె.

క్లెయిమ్ తీసుకున్నట్టు అటవీ హక్కుల కమిటీ రసీదు ఇయ్యాలె. గ్రామసభ కాదంటే ఆ సంగతి మనిషికి చెప్పాలె. అక్కడి నుంచి 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి పోవచ్చు. ఈ పరిశీలన పూర్తయ్యేదాకా ఖాళీ చేయించొద్దని చట్టం సెక్షన్ 4(5) చెప్తది. మొక్కలు నాటుతమని ఎవరన్నా చేన్లోకి వస్తే ముందు చూపాల్సింది ఆ రసీదే.