ఒక మానా కార్డులు ఎన్ని పెట్టాలి?

మ్యాజిక్: ద గ్యాదరింగ్ డెక్‌లో చౌక కార్డులు ఎన్ని ఉండాలి? ఇవాళ ఇదే మాట్లాడుకుందాం. చౌక అంటే కొన్న ధర కాదండోయ్, ఆడటానికి అయ్యే మానా.

టర్న్‌కి ఒక్క ల్యాండే దించగలం. కాబట్టి మామూలుగా మొదటి టర్న్‌లో మన దగ్గరుండేది ఒక్క మానా. దానికి తగ్గ కార్డు చేతిలో లేకపోతే ఆ మానా పోయినట్టే, తర్వాతి టర్న్‌కి దాచుకోలేం.

ఇప్పుడు లెక్క చూద్దాం. 60 కార్డుల డెక్, చేతిలో 7 కార్డులు. ఒక మానా కార్డులు 4 ఉంటే మొదటి చేతిలో కనీసం ఒకటి వచ్చే అవకాశం సుమారు 40 శాతం. 8 ఉంటే 65, 12 ఉంటే 81. గమనించారా? మొదటి 4 నుంచి 8కి వెళ్తే 25 పెరిగింది, తర్వాతి 4కి 16 మాత్రమే. పెట్టేకొద్దీ లాభం తగ్గుతుంది.

మరి నష్టం ఎక్కడ? ముందుగా ఆడేవాళ్లకి మొదటి టర్న్‌లో డ్రా లేదు. అంటే మూడో టర్న్‌కి మొత్తం 9 కార్డులు చూస్తారు. 3 ల్యాండ్లు, 6 ఒక మానా కార్డులు వచ్చాయనుకోండి. ఒకటి, రెండు, మూడు చొప్పున ఆరూ ఆడేశారు. చెయ్యి ఖాళీ! ఇక పైనుంచి వచ్చే ఒక్క కార్డే దిక్కు. ఎదుటివాళ్లు అక్కడ నిలదొక్కుకుంటే ఆట చేజారిపోతుంది.

అందుకే నేను ప్రతి చౌక కార్డునీ ఒక ప్రశ్న అడుగుతాను: ఎనిమిదో టర్న్‌లో వస్తే పనికొస్తావా? లానోవార్ ఎల్వ్స్ మొదటి టర్న్‌లో దిగితే రెండో టర్న్‌కే 3 మానా ఇస్తుంది. ఎనిమిదో టర్న్‌లో అది వట్టి 1/1 జీవి. లైట్నింగ్ బోల్ట్ అలా కాదు. అప్పుడైనా ఇప్పుడైనా 3 డ్యామేజీ. ఎదుటివాళ్ల 20 లైఫ్‌లో చివరి మూడింటికి కూడా అదే పని చేస్తుంది.

వేగంగా కొట్టే డెక్ అయితే 12 దాకా వెళ్లండి, కానీ అందులో సగమైనా ఆలస్యంగా వచ్చినా పనిచేసేవి ఉండాలి. నిదానంగా ఆడే డెక్‌కి 4 నుంచి 8 చాలు. మిగతా చోటు రెండు, మూడు మానా కార్డులకీ, కార్డులు డ్రా చేయించే వాటికీ ఇవ్వండి.

డెక్ కట్టాక కలిపి, పదిసార్లు ఏడేసి కార్డులు పంచుకుని చూడండి. మొదటి మూడు టర్న్‌లూ ఏం ఆడతారో పైకి చెప్పుకోండి. ఎక్కడ తడబడితే అక్కడ మార్చండి. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.