కడబంతికీ అందే బంతి

ఎడిటర్ గారు శుక్రవారం పిలిచి పని అప్పజెప్పారు. "కోట్ల మంది ఒకేసారి ఫోన్లో మ్యాచ్ చూస్తున్నారు కదా. అది అందరికీ ఎలా అందుతోందో మన పాఠకులకి అర్థమయ్యేలా రాయండి. ముఖచిత్ర కథనం అదే. బుధవారం సాయంత్రానికి నా టేబుల్ మీద ఉండాలి." మొదట పెద్ద పెద్దవాటి వెంట పడ్డాను. గోదాముల్లాంటి డేటా సెంటర్లు, సముద్రం అడుగున పరిచిన కేబుళ్లు, కవర్ పేజీ మీద బాగుండే బొమ్మలు. ఆదివారం రాత్రి ఒక ఫైలు కంటబడింది. ఇరవై లైన్లు కూడా లేవు. అన్నీ అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. అప్పట్నుంచి మిగతావేవీ నా కంటికి ఆనలేదు. ఈ కథనంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

మీరూ చూడొచ్చు. కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి, ఉచితంగా వచ్చే వార్తాఛానెల్ లైవ్ ఏదైనా పెట్టండి. ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అని ఉన్నచోటికి వెళ్లండి. ఒకపక్క బొమ్మ ఆడుతుంటే రెండోపక్క ఫైళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి పడుతుంటాయి. నేను చూసినదాంట్లో ఆరు సెకన్లకోసారి ఒకే పేరు తిరిగి తిరిగి వస్తోంది. చివర్న ఎం3యూ8 అని ఉంది. దాని వెనకే ఓ వీడియో ముక్క. మళ్లీ ఆ పేరే, మళ్లీ ఇంకో ముక్క.

ఎం3యూ అన్న మాట చూడగానే ప్రాణం లేచొచ్చింది. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి, పాటలు సీడీలో రాయించుకున్న మా తరానికి అది పాత చుట్టం. వినాంప్ అనే పాటల ప్లేయర్‌లో మనకి నచ్చిన పాటల వరసని భద్రం చేసుకుంటే తయారయ్యే ఫైలు అదే. 2009లో ఆపిల్ సంస్థ ఐఫోన్‌కి వీడియో అందించే పద్ధతి తయారుచేస్తూ, ఆ పాటల జాబితానే కాస్త పొడిగించి వాడుకుంది. హెచ్‌ఎల్‌ఎస్ అని పేరు పెట్టింది. 2017లో దాని నియమాలు ఆర్‌ఎఫ్‌సీ 8216 అనే పత్రంగా వచ్చాయి. నా సోమవారమంతా ఆ పత్రంతోనే గడిచింది.

జాబితా మొదటి లైను, ఇది జాబితా అని చెబుతుంది. ఇంకో లైను, ఏ ముక్కా ఆరు సెకన్లు మించదని చెబుతుంది. మరో లైన్లో ఒక వరస సంఖ్య. ఆ కింద నాలుగైదు ముక్కల పేర్లు, ఒక్కోదాని నిడివి. అంతే. ఆరు సెకన్లాగి మళ్లీ తెరిస్తే పైనున్న పేరు రాలిపోయి, అడుగున కొత్త పేరు చేరి, వరస సంఖ్య ఒకటి పెరిగి ఉంటుంది. ఆ సంఖ్యని ఆరుతో హెచ్చవేశాను, ప్రసారం ఎంతసేపట్నుంచి నడుస్తోందో తెలుస్తుందని. గంటలు కాదు, రోజులు తేలాయి.

స్ట్రీమింగ్ అనగానే ఏరులా ఏదో మన ఫోన్లోకి పారుతోందనుకుంటాం. పారేదేమీ లేదు. స్టేడియంలో కెమెరా పట్టిన బొమ్మని ఎన్‌కోడర్ ముక్కలు చేసి పెడుతుంది. ఫోన్లోని ప్లేయర్ ముందు జాబితా అడుగుతుంది, తర్వాత అందులోని ముక్క అడుగుతుంది, అది ఆడుతుండగానే మళ్లీ జాబితా అడుగుతుంది. అటునుంచి ఎవరూ తోయరు, ఇటునుంచి అడిగితేనే ఇస్తారు. జాబితా ఇంకా మారలేదనుకోండి, ముక్క నిడివిలో సగం సేపు ఓపిక పట్టాకే మళ్లీ తలుపు కొట్టాలి. ఈ మర్యాదంతా ఆ పత్రంలో రాసి ఉంది. డ్యాష్ అనే మరో పద్ధతిలో జాబితా రూపం వేరు, జరిగే పని ఇదే.

అడిగేవాడు ఒక్కడైతే సరే. 2019లో ఒక మ్యాచ్‌కి వచ్చినట్టు 2.53 కోట్ల మంది అడిగితే? ఆరు సెకన్లకోసారి అంటే, ఒక్క జాబితా కోసమే సెకనుకు 42 లక్షల సార్లు. తలకి సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున ముక్కలు పంపాలంటే సెకనుకు 25 టెరాబిట్లు. ఇది కాగితం మీద నేను వేసుకున్న లెక్క. ఒక్కచోట కూర్చుని ఇంతమందికి పెట్టడం ఏ డేటా సెంటర్ తరమూ కాదు.

బంతి భోజనాలు చూసినవాళ్లకి మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. పెళ్లికొచ్చిన వెయ్యిమందీ వంటశాలలో దూరరు. గాడిపొయ్యి మీంచి గుండిగ దిగుతుంది, అక్కణ్నుంచి బకెట్లలోకి, ప్రతి బంతికీ వడ్డించే కుర్రాళ్లు. సీడీఎన్ అంటే ఆ వడ్డన ఏర్పాటే. మనకి దగ్గర్లో, చాలాచోట్ల మన నెట్ కంపెనీ గదిలోనే పెట్టిన సర్వర్లు అవి. ఒకే ముక్క కోసం పదివేల మంది ఒక్కసారే అడిగితే ఆ సర్వర్ పదివేల సార్లు వంటశాలకి పరిగెత్తదు. మొదటి మనిషి కోసం ఒకసారి వెళ్తుంది. మిగతావాళ్లని ఒక్క క్షణం ఆగమని, తెచ్చింది అందరి విస్తళ్లలోనూ వేస్తుంది. ముక్కలన్నీ మామూలు ఫైళ్లు కావడం వల్లే ఇది కుదిరింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ మనవాడంటే మన దగ్గరివాడు.

వీటన్నిటికన్నా ముందు వచ్చే జాబితా ఇంకొకటుంది, మాస్టర్ ప్లేలిస్ట్. ఒకే మ్యాచ్ ఎన్ని నాణ్యతల్లో దొరుకుతుందో అందులో ఉంటుంది. ఆపిల్ సూచించిన ఒక మెట్ల వరసలో పైది సెకనుకు 7,800 కిలోబిట్లు. అడుగుది 145 కిలోబిట్లు, బొమ్మ వెడల్పు 416 చుక్కలు. ఆ అడుగు మెట్టు మీద ఆరు సెకన్ల ముక్క 110 కిలోబైట్ల లోపే. ఫోన్లో తీసుకునే ఒక్క ఫొటో దానికి ఎన్నోరెట్లు బరువుంటుంది. సిగ్నల్ బాగుంటే ప్లేయర్ మెట్టెక్కుతుంది, పడిపోతే దిగుతుంది. ముక్కముక్కకీ ఆ నిర్ణయం ఫోనుదే. భాషలకీ అక్కడే విడి లైన్లు పెట్టొచ్చు. తెలుగు వ్యాఖ్యానం ఫలానా చోట ఉందని చెప్పే గుర్తు రెండే అక్షరాలు, టీ, ఈ. అలా విడదీసి పెడితే బొమ్మ అందరికీ ఒకటే, గొంతు మాత్రం వేరే ఫైలు.

ప్రకటనల్లో పై మెట్టు గురించే చెబుతారు. నా మనసు అడుగు మెట్టు మీద ఉంది. మా ఊళ్లో మా చిన్నాన్న మ్యాచ్ ఉన్న రోజు ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి ధాన్యం కొట్టు పక్కన వేసుకుంటారు. టవర్ అందేది అక్కడే. ఫోను తలుపు గడియకి ఆనించి పెట్టుకుని, తాను కదలరు, దాన్నీ కదలనివ్వరు. పోయిన పండక్కి పక్కన నించుని చూశాను. బ్యాట్స్‌మన్ ముఖం అలుక్కుపోయి ఉంది, బంతి ఎటు పోయిందో ఫీల్డర్లు పరిగెత్తేదాన్ని బట్టి పోల్చుకోవాలి. "ఏం కనిపిస్తోంది చిన్నాన్నా ఇందులో?" అన్నాను. "మసగ్గా ఉంటే ఉండనీరా, ఆగకుండా వస్తే చాలు" అన్నారు. ఈ రంగంలో ఇంజినీర్లు ఏళ్ల తరబడి పడ్డ కష్టమంతా ఆ మాట నిలబెట్టడానికే.

ఆ మాటకి పెద్ద పరీక్ష 2019 జూలై 10న మాంచెస్టర్‌లో ఎదురైంది. ప్రపంచకప్ సెమీఫైనల్, వాన వల్ల రెండో రోజుకి జరిగిన ఆట. న్యూజిలాండ్ పెట్టిన లక్ష్యం 240. మనవాళ్లు 5 పరుగులకే 3 వికెట్లు, 92కి 6 వికెట్లు పోగొట్టుకున్నారు. అప్పుడు ధోనీ, జడేజా నిలబడి 116 పరుగులు జోడించారు. ఆశ చిగురించేకొద్దీ ఫోన్లు తెరుచుకున్నాయి. హాట్‌స్టార్ యాప్‌లో ఒకేసారి చూస్తున్నవాళ్లు 2.53 కోట్లకి చేరారు. అప్పటికది ప్రపంచ రికార్డు. 49వ ఓవర్లో గప్తిల్ విసిరిన బంతి నేరుగా వికెట్లని తాకింది. ధోనీ రనౌట్. కోట్ల మంది ఒక్కసారే వెనక్కి బటన్ నొక్కారు.

జనం వెళ్లిపోతే సర్వర్లకి ఊపిరాడుతుంది కదా అనుకుంటాం. హాట్‌స్టార్ ఇంజినీర్లు తర్వాత సదస్సుల్లో చెప్పింది వింటే నాకు ఒళ్లు జలదరించింది. వెనక్కి నొక్కినవాడు యాప్‌లోంచి నేరుగా బయటికి పోడు, హోమ్ పేజీలో పడతాడు. అక్కడ ప్రతి మనిషికీ విడిగా లెక్క కట్టాలి. సగంలో ఆపిన సినిమా ఏది, ఏం చూపిస్తే నచ్చుతుంది అని. మ్యాచ్ ముక్క అందరికీ ఒకటే, ఈ పేజీ ఎవరిది వాళ్లకే, వడ్డించే కుర్రాడి బకెట్లో ఉండేది కాదు. వీడియో బరువు దిగే క్షణంలోనే ఈ బరువు మీద పడుతుంది. హోమ్ పేజీ కూలితే యాప్ మొత్తం కూలినట్టే. అందుకే ఆట నడుస్తున్నంతసేపూ అటు ఎవరూ రాకపోయినా ఆ సర్వర్లని నిండుగా సిద్ధంగా ఉంచేవారు.

నిమిషానికి 10 లక్షల మంది వచ్చి పడుతుంటే, రద్దీ చూసి అప్పుడు కొత్త యంత్రాలు తెరుద్దామంటే కుదరదు, అవి లేచేలోపే వికెట్ పడిపోతుంది. జనం ఎంత దాకా వస్తే ఎన్ని యంత్రాలుండాలో ముందే మెట్లు గీసుకుని, ఒక మెట్టు పైనే ఉండేవారు. తమ మీదికి తామే నకిలీ జనాన్ని తోలుకుని పరీక్షించుకునే ఏర్పాటుకి హల్క్ అని పేరు పెట్టుకున్నారు. పరిస్థితి చేయి దాటేలా ఉంటే పానిక్ మోడ్. సిఫార్సులు ఆపేస్తారు, మనిషికో తీరుగా ఉండే హంగులు ఆపేస్తారు, బంతి మాత్రం ఆగదు. పెళ్లిలో జనం పోటెత్తినప్పుడు స్వీట్లు, ఐస్‌క్రీములు పక్కనపెట్టి అన్నం పప్పు చివరి విస్తరి దాకా వెళ్లేలా చూసే పెద్దమనిషి పద్ధతి ఇది. ఆ పద్ధతి అంటే నాకు గౌరవం.

చరిత్రకి మిగిలిన చోటు కొంచెమే. వెబ్‌లో రద్దీని తట్టుకోవడం ఎలా అన్న ప్రశ్నకి ఎంఐటీలో గణితంతో జవాబు వెతికిన టామ్ లేటన్, ఆయన శిష్యుడు డేనియల్ లెవిన్ 1998లో అకమాయ్ స్థాపించారు. 2001 సెప్టెంబర్ 11న హైజాక్ అయిన విమానంలో లెవిన్ చనిపోయాడు. 2005లో యూట్యూబ్, 2007లో నెట్‌ఫ్లిక్స్ స్ట్రీమింగ్, 2015లో హాట్‌స్టార్, 2016లో జియోతో చవక డేటా. 2018 ఐపీఎల్ ఫైనల్లో మన సన్‌రైజర్స్ చెన్నై చేతిలో ఓడిన రాత్రి హాట్‌స్టార్‌లో ఒకేసారి చూసినవాళ్లు కోటి దాటారు. ఏడాది తిరిగేసరికి మన ఉప్పల్‌లో జరిగిన ఫైనల్‌కి 1.86 కోట్లు. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్ ప్రపంచకప్ ఫైనల్‌కి 5.9 కోట్లు.

పక్కింటి కేక ముందే ఎందుకు?

మీ ఫోన్లో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టలేదు, పక్కింట్లోంచి "సిక్స్!" అని కేక. వాళ్లది డిష్ టీవీ, మీది ఫోన్. ముక్క పూర్తిగా తయారైతేగానీ దాని పేరు జాబితాలో చేరదు. పైగా జాబితా చివరి నుంచి కనీసం మూడు ముక్కల దూరం వెనక్కి జరిగి ఆట మొదలుపెట్టాలని ప్లేయర్‌కి ఆర్‌ఎఫ్‌సీ పత్రం చెబుతుంది, దారిలో నెట్ తడబడినా ఆగిపోకుండా. ఆరు సెకన్ల ముక్కలైతే అక్కడికే 18 సెకన్లు. ముక్కలు చిన్నవి చేస్తే ఆలస్యం తగ్గుతుంది, అడగడం పెరుగుతుంది, తడబాటుకి ఓర్పు తగ్గుతుంది. కేక ముందు వినిపించడం కన్నా బొమ్మ ఆగిపోవడం ఎక్కువ బాధ అని నా అభిప్రాయం.

సినిమా వేరు, బంతి వేరు

నెట్‌ఫ్లిక్స్ తన సినిమాలున్న పెట్టెల్ని నెట్ కంపెనీల గదుల్లోనే పెట్టింది. రద్దీ లేని వేళ కొత్త సినిమాలు వాటిలోకి చేరతాయి, సాయంత్రం జనం చూస్తారు. ముందురోజే చేసి డబ్బాల్లో పెట్టుకున్న అరిసెల్లాంటి వ్యవహారం. పడని బంతిని ముందే డబ్బాలో పెట్టలేం. 2024 నవంబర్‌లో టైసన్, జేక్ పాల్ బాక్సింగ్‌ని అదే సంస్థ లైవ్ ఇచ్చినప్పుడు 6.5 కోట్ల స్ట్రీములు ఒకేసారి నడిచాయి. బొమ్మ ఆగి ఆగి వస్తోందని ఆ రాత్రి చాలామంది గగ్గోలు పెట్టారు.

మంగళవారం రాత్రి, ఈ కథనం పంపేముందు, ఒక మ్యాచ్ అయిపోయేదాకా జాబితానే చూస్తూ కూర్చున్నాను. లైవ్ నడుస్తున్నంతసేపూ అందులో ఒక లైను ఉండదు, ఎండ్‌లిస్ట్ అని. అది లేనంతకాలం ప్లేయర్ అడుగుతూనే ఉంటుంది. ఆటగాళ్లు చేతులు కలిపారు, బహుమతులు ఇచ్చారు, స్టూడియోలో వాళ్లు శుభరాత్రి చెప్పారు. ఆరు సెకన్ల తర్వాత వచ్చిన జాబితా అడుగున ఆ లైను చేరి ఉంది. కింద కొత్త పేర్లు పడటం ఆగిపోయింది. ధాన్యం కొట్టు పక్కన గడియకి ఆనించిన ఫోనుకీ అదే జాబితా చేరి ఉంటుంది. చిన్నాన్న కుర్చీ మడిచి లోపలికి తెచ్చుకుంటూ ఉండుంటారు.