మోసే తీరు మారితేనే రోగికి రక్ష

* డోలీ మొదలు ఆసుపత్రి పడక దాకా అడుగడుగునా పరీక్షే
* పరికరాల తయారీలో చిన్న మార్పులతో పెద్ద మేలు

పాడేరు: రోగికి అందే వైద్యం ఎంత ముఖ్యమో, వైద్యం అందే చోటికి అతణ్ని చేర్చే తీరూ అంతే ముఖ్యం. విరిగిన ఎముకను అతికించే వైద్యులు ఉండవచ్చు. దారిలో వెన్నుపాము తెగితే మాత్రం దాన్ని అతికించడం ఎవరి తరమూ కాదు. ఇంటి నుంచి అంబులెన్సుకు, అక్కడి నుంచి అత్యవసర విభాగానికి, ఎక్స్‌రే గదికి, చివరికి వార్డుకు... ఒక్కరోజులోనే రోగిని అయిదారుసార్లు ఎత్తి దించాల్సి వస్తుంది. ఇందుకు వాడే పరికరాలు ఎలా ఉండాలో, ఎందుకు అలా ఉండాలో పరిశీలిస్తే...

డోలీలో దాగిన ముప్పు

హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న 108 సేవలు మొదలయ్యాక రోడ్డున్న ఊళ్లకు అంబులెన్సు చేరువైంది. రోడ్డు లేని కొండ గ్రామాలకు మాత్రం ఇప్పటికీ డోలీయే దిక్కు. పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో గర్భిణులను, రోగులను వాహనం వచ్చే చోటు వరకు భుజాలపై మోసుకొస్తున్న ఘటనలు తరచూ వార్తలవుతూనే ఉన్నాయి.

కర్రకు కట్టిన గుడ్డలో పడుకున్న మనిషి నడుము విల్లులా వంగుతుంది. స్పృహలేని రోగికి గడ్డం ఛాతీకి ఆనుకుని శ్వాసమార్గం మూసుకుపోవచ్చు. వెన్నుపూస చిట్లి ఉంటే ప్రతి ఊపూ ప్రమాదకరమే. నెలలు నిండిన గర్భిణి వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళంపై పడి తల్లికీ బిడ్డకూ రక్త ప్రసరణ తగ్గుతుంది. ఆమెను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాలి. డోలీలో అది సాధ్యం కాదు.

విదేశాల్లో పర్వత ప్రాంత సహాయక బృందాలు వాడే బుట్ట స్ట్రెచర్ ఇందుకు చక్కని ప్రత్యామ్నాయం. దాని అంచులు ఎత్తుగా ఉంటాయి, అడుగు వంగదు. పట్టీలు బిగిస్తే రోగి జారిపోడు. అడుగున ఒకే చక్రం అమర్చుకునే వీలూ ఉంది. బరువు చక్రంపై పడటంతో మోసేవారు ఇరువైపులా పట్టుకుని అదుపు చేస్తే చాలు, ఇరుకు కాలిబాటలోనూ సాగిపోవచ్చు. రోడ్లు పడేంత వరకైనా ఇటువంటివి గ్రామానికొకటి ఉంటే ఎంతో ఊరట.

ఎత్తడం కాదు... జరపడం

ఆసుపత్రుల్లో నలుగురు నాలుగు మూలలా దుప్పటి పట్టుకుని రోగిని ఎత్తడం పరిపాటి. దుప్పటి చిరిగినా, ఒకరి పట్టు జారినా రోగి కింద పడతాడు. ఎత్తేవారి నడుముకూ ముప్పే. అమెరికాలోని వృత్తి భద్రతా సంస్థ నియోష్ శాస్త్రవేత్త థామస్ వాటర్స్ 2007లో ప్రచురించిన లెక్క ప్రకారం రోగిని కదిలించేటప్పుడు ఒక్కొక్కరిపై పడే బరువు సుమారు 16 కిలోలు మించకూడదు. 60 కిలోల రోగిని ఇద్దరు ఎత్తితే ఒక్కొక్కరిపై 30 కిలోలు పడుతుంది. చేతులు చాచి, ముందుకు వంగి ఎత్తడంతో నడుముపై భారం మరింత పెరుగుతుంది. నర్సులు, అటెండర్లను నడుంనొప్పి వేధించడానికి ఇది ఒక ప్రధాన కారణం.

దీనికి విరుగుడు జారుడు గుడ్డ, జారుడు పలక. నున్నని నైలాన్ గుడ్డను రెండు మడతలుగా రోగి కింద పరిస్తే ఒక మడతపై మరొకటి సులువుగా జారుతుంది. పడకకూ ట్రాలీకీ మధ్య ఖాళీపై పలక వంతెనలా నిలుస్తుంది. ఎత్తే పని తప్పి, జరిపే పని మాత్రమే మిగులుతుంది. చర్మం ఒరుసుకుపోదు కనుక మంచాన పడినవారికి పుండ్ల బెడదా తగ్గుతుంది.

వెన్నుకు దెబ్బ తగిలిన వారికి నిలువునా రెండుగా విడిపోయే స్కూప్ స్ట్రెచర్ మేలు. రెండు భాగాలను చెరోవైపు నుంచి దూర్చి కలిపితే రోగిని పెద్దగా దొర్లించకుండానే పైకి తీయవచ్చు. గట్టి స్పైన్ బోర్డు రోగిని బయటకు తీయడానికే. దానిపై గంటల తరబడి ఉంచితే ఒత్తిడి పుండ్లు పడతాయి.

చక్రంలోనే ఉంది కిటుకు

ట్రాలీ చక్రాలు చిన్నవైతే గడపల వద్ద, లిఫ్టు సందుల వద్ద ఇరుక్కుని రోగిని కుదిపేస్తాయి. పెద్ద చక్రాలు అవే అడ్డంకులను సాఫీగా దాటుతాయి. మధ్యలో అయిదో చక్రం ఉంటే మలుపుల్లో బండి పక్కకు లాగదు. ఒక్క పెడల్‌తో నాలుగు చక్రాలకూ బ్రేకు పడాలి. ఎత్తు పెంచి తగ్గించుకునే వీలుంటే ట్రాలీని పడకకు సమంగా ఆనించవచ్చు. ఆయాసంతో ఉన్నవారికి తలవైపు లేచే ఏర్పాటు, పక్కలకు కటకటాలు, సెలైన్ స్టాండు, ఆక్సిజన్ సిలిండర్‌కు బిగింపు తప్పనిసరి. లేదంటే సీసా బంధువు చేతిలో, సిలిండర్ రోగి కాళ్ల మధ్య చేరతాయి.

అంబులెన్సులో స్ట్రెచర్‌కు నడుము పట్టీతో పాటు భుజాల పట్టీలూ ఉండాలి. సాధారణంగా రోగి తల డ్రైవరు వైపు ఉంటుంది. ఒక్కసారిగా బ్రేకు వేస్తే శరీరం అటే దూసుకెళ్తుంది. అంబులెన్సుల నిర్మాణానికి మన దేశంలో ఏఐఎస్-125 పేరుతో ప్రత్యేక ప్రమాణాలు ఉన్నాయి.

బంధువులు గమనించాల్సినవి

* చక్రాల కుర్చీలో కూర్చోబెట్టే ముందు రెండు బ్రేకులూ వేయాలి. పాదాల పలకలు పైకి మడవాలి.
* ర్యాంపు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించాలి. అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవున్న ర్యాంపే క్షేమం.
* ట్రాలీని రోగి కాళ్లు ముందుండేలా నడపాలి. ఎత్తుపల్లాల్లో తల ఎగువ వైపే ఉండాలి.
* రోడ్డు ప్రమాద బాధితులను చేతులు, కాళ్లు పట్టి ఎత్తరాదు. మంటల వంటి తక్షణ ముప్పు లేకుంటే తల, మెడ కదలకుండా పట్టుకుని 108 సిబ్బంది కోసం వేచి ఉండాలి.

నిర్వహణే అసలు సమస్య

కొత్త ట్రాలీ వచ్చిన రోజు ఉన్న శ్రద్ధ ఆ తర్వాత ఉండదు. బేరింగులకు గ్రీజు లేక, బ్రేకు అరిగి, పరుపు చిరిగి మూలన పడుతుంది. చిరిగిన పరుపు రక్తాన్ని, స్రావాలను పీల్చుకుని ఒక రోగి నుంచి మరొకరికి క్రిములను మోస్తుంది. నెలకోసారి చక్రాలు, బ్రేకులు, పట్టీలు పరిశీలించి రిజిస్టరులో నమోదు చేస్తే ఈ దుస్థితి ఉండదు. ఆసుపత్రి అభివృద్ధి సంఘాల సమావేశాల్లో మందులు, భవనాలతో పాటు ట్రాలీల లెక్కా చర్చకు రావాలి. కొనుగోలుకు ముందు వాటిని రోజూ తోసే అటెండర్లను, నర్సులను ఒక్కమాట అడగాలి. ఏ చక్రం ఎక్కడ ఇరుక్కుంటుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.