రబ్బరు ముక్క మీద నిలిచిన కారు
పాత స్పోర్ట్స్ కారు కింద అరిగిన బుష్షులను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. ఢిల్లీలో దాన్ని రోడ్డు మీద నిలుపుకోవడమే కష్టం

స్పీడ్ బ్రేకర్ దాటగానే ముందు చక్రాల దగ్గర టక్కుమని చప్పుడు. బ్రేకు తొక్కితే బండి ఓ పక్కకు లాగుతుంది. కాస్త వేగం అందుకుంటే రోడ్డు మీద తేలుతున్నట్టు ఉంటుంది. ఢిల్లీలో పాత కార్లను పోషించేవారికి ఈ లక్షణాలు కొత్తేమీ కాదు. షాకబ్జార్బర్లు పోయాయని ఒక మెకానిక్, స్టీరింగ్ విప్పాలని మరొకరు అంటారు. చాలాసార్లు అసలు దోషి బొటనవేలంత రబ్బరు ముక్క. దాని పేరు బుష్.

చక్రాన్ని పట్టి ఉంచే ఉక్కు చేతులను విష్‌బోన్లంటారు. అవి ఛాసిస్‌కు కలిసేచోట ఇనుముకూ ఇనుముకూ మధ్య ఈ బుష్ కూర్చుంటుంది. గుంతల అదురును మింగేస్తుంది, చక్రం ఉండాల్సిన కోణాన్ని కాపాడుతుంది. రబ్బరు చీలిందంటే చక్రం తన ఇష్టమొచ్చిన వైపు తిరుగుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది. మామూలు కారులో ఇది చికాకు. మలుపుల్లో నిలకడే ప్రాణమైన స్పోర్ట్స్ కారులో ప్రమాదం.

ఈ పని నేర్చుకోవడానికి అనువైన బండి ఒకటి మన పెద్దలకు బాగా తెలిసిందే. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. చూడ్డానికి బుద్ధిగా ఉండే ఈ కుటుంబం కారు ఒక స్పోర్ట్స్ కారుకు అన్న. 1962లో బ్రిటన్‌లో విడుదలైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కు హెరాల్డ్ ఛాసిస్‌నే కుదించి వాడారు. ముందు సస్పెన్షన్ కూడా దాన్నుంచి వచ్చిందే. రెండింటికీ రూపమిచ్చింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి. రెంటికీ బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది. అప్పుడు చక్రాల సరంజామా అంతా కళ్లెదుటే ఉంటుంది. లిఫ్టు లేని ఇంట్లో ఇంతకంటే కావలసిందేముంది?

ఢిల్లీలో వేట కశ్మీరీ గేట్ విడిభాగాల మార్కెట్‌లో మొదలవుతుంది. అక్కడ కారు పేరు చెబితే చాలదు. పాత బుష్‌ను చేతిలో పెట్టుకుని వెళ్లాలి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, పొడవు కొలిపించాలి. ప్యాకెట్ కొత్తగా కనిపించినా మోసపోకూడదు. ఏళ్లతరబడి అల్మారాలో ఉన్న రబ్బరు కూడా ముసలిదే. వంచి చూస్తే సన్నని పగుళ్లు కనిపించినా, గోరు నొక్కు పడనంత గట్టిగా ఉన్నా వదిలేయడమే మేలు. పాలీయూరితేన్ బుష్షులు ఎక్కువ కాలం మన్నుతాయి. కానీ అవి గట్టివి, ఢిల్లీ గుంతల దెబ్బ నేరుగా నడుముకు తెలుస్తుంది.

ఇక పని విషయానికొస్తే, మొదటి షరతు భద్రత. సమతలంగా ఉన్న గచ్చు మీదే బండిని లేపాలి. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. దాని బరువు ఉక్కు స్టాండ్ల మీద ఉండాలి. ఇటుకల మీద నిలిపిన కారు కింద దూరడమంటే ప్రాణాలతో చెలగాటమే. చక్రం ఊడదీశాక స్ప్రింగు, షాకబ్జార్బర్ కలిసి ఉన్న భాగాన్ని ఒకే ముక్కగా దించాలి. పైన మూడు నట్లు ఉంటాయి, వాటినే విప్పాలి. మధ్యలో ఉన్న నట్టును తాకితే నొక్కిపట్టి ఉన్న స్ప్రింగు తూటాలా ఎగురుతుంది. కింది విష్‌బోన్ బ్రాకెట్ల వెనక పలుచని రేకులు కనిపిస్తాయి. ఎక్కడ ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. చక్రం కోణాన్ని నిర్ణయించేవి అవే.

పాత బుష్ రావడమే అసలు పోరాటం. రోడ్డు పక్క షెడ్లలో రబ్బరును కాల్చేస్తారు. ఆ పొగ విషం. పైగా ఢిల్లీలో రబ్బరు, ప్లాస్టిక్ బహిరంగంగా కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లోనే నిషేధించింది. ఇంట్లో బెంచి వైస్, రెండు సాకెట్లు చాలు. చిన్న సాకెట్ బుష్‌ను నెడుతుంది, అవతలున్న పెద్దది దాన్ని లోపలికి తీసుకుంటుంది. కొత్తదాన్ని సబ్బునీళ్లు పూసి అదే తీరులో ఎక్కించాలి. మామూలు గ్రీజు సహజ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది.

ఎక్కువ మంది తప్పు చేసేది చివర్లో. చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులు బిగించేస్తారు. ఈ బుష్ తిరగదు, మెలిపడుతుంది. వేలాడుతున్నప్పుడు బిగిస్తే బండి నేల మీదికి దిగాక రబ్బరు శాశ్వతంగా మెలిపడే ఉంటుంది, త్వరలోనే చిరిగిపోతుంది. అందుకే బోల్టులను ముందు వదులుగా ఉంచి, కారు తన బరువు మీద తాను నిలిచాకే పూర్తిగా బిగించాలి. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ఎలాగూ చేయి పెట్టారు కాబట్టి, కింద ఉన్న కంచు ట్రనియన్లలో గేరు ఆయిల్ నింపాలి, గ్రీజు కాదు. ఆయిల్ లేక మరలు పట్టేస్తే దాన్లో తిరిగే ఉక్కు కడ్డీ విరిగి చక్రమే ఒరిగిపోవచ్చు.

ఇంత శ్రమకు ఢిల్లీ గాలే ఒక శత్రువు. వేసవి ఎండలో వాహనాల పొగ నుంచి పుట్టే ఓజోన్ వాయువు సాగదీసి ఉన్న సహజ రబ్బరును పగలగొడుతుంది. అంటే పాత కార్లు చెడగొడుతున్నాయంటున్న గాలే పాత కార్లనూ తినేస్తోంది. రెండో చిక్కు చట్టం. 15 ఏళ్లు దాటిన పెట్రోలు, 10 ఏళ్లు దాటిన డీజిల్ వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగకూడదన్న ట్రిబ్యునల్ ఆదేశాలను 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. వయసు చూసి కఠిన చర్యలు తీసుకోవద్దని 2025 ఆగస్టులో చెప్పినా, ఆ రక్షణ బీఎస్-4, ఆపై వాహనాలకేనని డిసెంబర్‌లో స్పష్టం చేసింది.

ఈ వైఖరిలో న్యాయం లేకపోలేదు. కెటలిటిక్ కన్వర్టర్ లేని కారుకు ఎన్ని బుష్షులు మార్చినా పొగ తగ్గదు. చిక్కల్లా మధ్యలో ఉన్నవారితోనే. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మారని వాహనానికి 20,000 రూపాయల ఫీజుతో వింటేజ్ హోదా దక్కుతుంది. రోజువారీ తిరగడానికి కాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు. హెరాల్డ్‌కు ఆ వయసు వచ్చేసింది. అరిగిన రబ్బరు స్థానంలో కొత్త రబ్బరు పెడితే హోదాకు ముప్పూ లేదు.

2006లో రిజిస్టరైన స్పోర్ట్స్ కారు సంగతి వేరు. దాని 15 ఏళ్ల గడువు 2021లోనే ముగిసింది. వింటేజ్ కావాలంటే 2056 దాకా ఆగాలి. రోజూ నడపకపోయినా సరే, ఏడాదిలో నాలుగు ఆదివారాలు తిరగనివ్వండన్న కోరికకు ఈ మధ్యకాలంలో చోటు లేదు. ఢిల్లీ వదిలి మరో రాష్ట్రానికి పంపడమో, తుక్కుకు ఇవ్వడమో, షెడ్డులో మూసిపెట్టడమో మిగిలింది. మూసిపెట్టిన కారులోనూ రబ్బరు ముసలిదవుతూనే ఉంటుంది. ఆ 35 ఏళ్లలో దాని బుష్షులను ఎన్నిసార్లు మార్చాలో యజమానే లెక్కవేసుకోవాలి.