అడవి నుండి వచ్చాక జ్వరమా? ఎక్కడికి వెళ్ళారో చెప్పండి

గత చలికాలంలో ఒక కుర్రవాడిని మా వార్డుకు తీసుకొచ్చారు. ఐదు రోజుల జ్వరం, వణుకు, పచ్చబడిన కళ్ళు, తడబడే మాట. అప్పటికే ఊళ్ళో ఇంజెక్షన్లు చేయించారు. తల్లిని అడిగితే ఏమీ తోచలేదు. వెంట వచ్చిన తమ్ముడు మాత్రం, రెండు వారాల క్రితం అన్న స్నేహితులతో మారేడుమిల్లి వెళ్ళాడన్నాడు. వెంటనే రక్తపరీక్ష చేయిస్తే ఫాల్సిపారం మలేరియా. బ్రతికాడు గాని, ఆ ఒక్క మాట మొదటి రోజే చెప్పి ఉంటే అంత దూరం వచ్చేది కాదు.

అడవికి వెళ్ళవద్దని నేను అనను. దుర్గి, మాచర్ల వాళ్ళకు అడవి అంటే నల్లమలే గదా. గోదావరికి రెండు వైపులా ఉన్న పాపికొండల అడవి దానికంటె తడి ఎక్కువ, పచ్చన ఎక్కువ. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ అడవి 1,012 చదరపు కిలోమీటర్లు. పులి, చిరుత, అడవి దున్న, దుప్పి, కణితి ఉన్నాయి. అటవీ శాఖ వారి అనుమతితో, దారి తెలిసిన మనిషితోనే నడవండి. పడవలో లైఫ్ జాకెట్ విప్పవద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర ఏమి జరిగిందో మరువరాదు.

అక్కడి మలేరియా దోమ మన మురుగుకాలువ దోమ కాదు. కొండవాగుల శుభ్రమైన నీళ్ళలో పెరిగి, రాత్రివేళ కుడుతుంది. (దోమ వల్లనే మలేరియా అని డాక్టరు రోనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే!) కుట్టిన వెంటనే జ్వరం రాదు. ఫాల్సిపారం సాధారణంగా ఒకటి రెండు వారాలకు బయటపడుతుంది. వైవాక్స్ అనే రకం కొన్ని నెలల తరువాత కూడా రావచ్చు. అందుకే జ్వరానికీ ప్రయాణానికీ సంబంధం ఎవరికీ తట్టదు. ఒకసారి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా, జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేయించాలి. చెమట పట్టి జ్వరం దిగగానే నయమైందనుకోకండి. మాత్రలు పూర్తిగా వాడాలి.

ఇంకొకటి స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి సరిగా కనబడని చిన్న పురుగు కుడితే వస్తుంది. నొప్పి తెలియదు. చంకలో, నడుము దగ్గర, గజ్జల్లో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని మచ్చ పడవచ్చు. సిగ్గుపడి దాచేవారే ఎక్కువ, ఆడపిల్లలు మరీను. ఆ మచ్చ చూపించండి. త్వరగా గుర్తిస్తే దీనికి మంచి మందు ఉంది.

వెళ్ళేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, మూసి ఉన్న బూట్లు వేసుకోండి. రాత్రికి దోమతెర కట్టుకోండి. గడ్డిమీద ఒట్టిగా పడుకోవద్దు, తిరిగి రాగానే స్నానం చేసి బట్టలు వేడినీళ్ళలో ఉతకండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నాటువైద్యం వద్దు. కరిచిన కాలు కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చండి. గర్భిణీలు, పసిపిల్లల తల్లులు ఈ ప్రయాణం మరోసారికి ఉంచుకోవడం మేలు.

తిరిగి వచ్చిన తరువాత జ్వరం వస్తే, ఓ.పి. చీటీ రాయించుకునేటప్పుడే “ఫలానా తేదీన అడవికి వెళ్ళాం” అని చెప్పండి. మేము అడగడం మరిచినా మీరే చెప్పండి.