అందరూ స్టార్లే, మరి ఎందుకు ఓడారు?

పోయిన ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన ప్రశ్న ఇది. పక్క రూములో ఫిలిప్పీన్స్ వాళ్ళతో కలిసి బాస్కెట్‌బాల్ చూసే తమ్ముడొకరు అడిగాడు: ఎన్‌బీఏ మొత్తం చేతిలో ఉన్న అమెరికా, దేశాల మధ్య పోటీకొచ్చేసరికి ఎలా ఓడిపోతుందని.

దీనికి 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ కన్నా మంచి ఉదాహరణ లేదు. టిమ్ డంకన్, అలెన్ ఐవర్సన్, కుర్రాళ్ళలో లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్. పేర్లు చూస్తే ఎవరికైనా భయమే. అయినా మొదటి మ్యాచ్‌లోనే ప్యూర్టో రికో చేతిలో 92-73తో ఓడారు. 1992లో ఎన్‌బీఏ ఆటగాళ్ళు రావడం మొదలయ్యాక ఒలింపిక్స్‌లో అమెరికాకి అదే తొలి ఓటమి. తర్వాత లిథువేనియా, సెమీస్‌లో అర్జెంటీనా కూడా ఓడించాయి. చివరికి కాంస్యం దక్కింది.

బద్ధకం, పొగరు అని తేల్చేసేవాళ్ళు చాలామంది. నాకైతే అసలు సంగతి రూల్స్‌లో కనిపిస్తుంది. ఎన్‌బీఏలో డిఫెండర్ ఎవరినీ కాయకుండా బుట్ట ముందున్న గీతల లోపల మూడు సెకన్లకి మించి నిలబడకూడదు. అంతర్జాతీయ ఆటలో ఆ అడ్డు లేదు. పొడుగు మనిషి బుట్ట కిందే గోడలా పాతుకుపోవచ్చు. ఐవర్సన్, వేడ్ లాంటి వాళ్ళ బలమే బంతితో లోపలికి దూసుకెళ్ళడం. లోపలేమో దారి మూసుకుపోయింది. అప్పుడు బంతి బయటికిస్తే, దూరం నుంచి వేసి మూడు పాయింట్లు తెచ్చేవాడు ఉండాలి. ఆ పని తెలిసినవాళ్ళని సరిపడా తీసుకురాలేదు. ప్యూర్టో రికో మీద దూరం నుంచి 24 సార్లు వేస్తే పడ్డవి మూడే!

ఇంకోటి, ఎన్‌బీఏలో మ్యాచ్ 48 నిమిషాలు, ఆరు ఫౌళ్ళకి బయటికి పంపుతారు. ఇక్కడ 40 నిమిషాలు, ఐదు ఫౌళ్ళే. డంకన్ ఆ టోర్నమెంట్ అంతా ఫౌళ్ళ భయంతోనే ఆడాల్సొచ్చింది. పైగా నాకౌట్‌లో ఒక్కటే మ్యాచ్. ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో లాగా ఏడు మ్యాచ్‌ల సిరీస్ కాదు, తప్పు దిద్దుకునేలోపే ఇంటికి.

అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అంటాం కదా. సైటులో పనిచేసేవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పదిమంది మేస్త్రీలని ఒకచోట పడేస్తే గోడ లేవదు. బంతి ఒక్కటే. క్లబ్బులో రోజంతా బంతి చేతిలో ఉండే ఐదుగురిలో నలుగురు ఇక్కడ బంతి లేకుండా ఆడాలి. అది నేర్చుకోవడానికి వాళ్ళకి దొరికింది కొన్ని వారాలే. 2003 అర్హత పోటీల్లో ఆడిన పన్నెండు మందిలో ఏథెన్స్‌కి వచ్చింది ముగ్గురే. అవతల అర్జెంటీనాలో జినోబిలి, స్కోలా, నోసియోని ఏళ్ళ తరబడి కలిసి ఆడినవాళ్ళు. జినోబిలి క్లబ్బులో డంకన్‌కి తోటి ఆటగాడే! సెమీస్‌లో 29 పాయింట్లు కొట్టి ఆ డంకన్ జట్టునే ఓడించాడు.

తర్వాత అమెరికా పద్ధతి మార్చింది. ఒక్క వేసవికి వచ్చిపోవడం కాదు, మూడేళ్ళు కట్టుబడి ఉండాలంది. 2006లో గ్రీస్ మళ్ళీ దెబ్బ కొట్టినా, 2008 బీజింగ్‌లో స్వర్ణం వచ్చింది. తమాషా ఏంటంటే, తర్వాత జర్మనీ కోచ్ కూడా తన ఆటగాళ్ళని అదే మూడు వేసవుల మాట అడిగాడు. 2023లో మనీలాలో సెమీస్‌లో జర్మనీ 113-111తో అమెరికాని ఓడించి, కప్పు కూడా ఎత్తుకెళ్ళింది.

అలాగని స్టార్లు దండగ అనుకోవద్దు. 2024 పారిస్‌లో సెర్బియా మీద 17 పాయింట్లు వెనకబడి కూడా 95-91తో గెలిపించింది కర్రీ, లెబ్రాన్, డ్యురాంట్‌లే. ఆ లెబ్రాన్ ఏథెన్స్‌లో ఎక్కువగా బెంచీ మీద కూర్చున్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడు.

2027 ప్రపంచ కప్పు దోహాలోనే, ఆగస్టు చివర్లో మొదలవుతుంది. ఖతార్‌లో ఉన్నవాళ్ళు సెలవు కుదిరితే వెళ్ళి చూడండి. బంతి ఉన్నవాడిని కాదు, బంతి లేని నలుగురు ఏం చేస్తున్నారో గమనించండి.